కుంభం ఎటు చూడాలి?

(జాతీయ చేనేత దినోత్సవం నాడు బరంపురంలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

నమస్కారం. మైకు వినబడుతోందా? వెనక కూర్చున్న అమ్మలకి? ఆ, సరే.

మాస్టారు నన్ను పరిచయం చేస్తూ చేనేత మీద పరిశోధన చేసిన మనిషి అన్నారు. అంత లేదండి. నేను సంచులు కుడతాను. అవీ పెద్ద సంచులేం కావు. పౌడరు, కాటుక, లిప్‌స్టిక్, దువ్వెన, నాలుగు పిన్నీసులు పట్టే జిప్పు సంచి ఉంటుందే, ఇప్పటి ఆడపిల్లలు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునేది, అది. ఇరవై రెండేళ్లుగా అదే పని. చేనేత దినోత్సవం కదా, చీరల గురించి చెబుతుందేమో అనుకుని వచ్చినవాళ్లు ఏమీ అనుకోకండి. నా దగ్గరకి వచ్చేసరికి చీర చీరలా ఉండదు. మడత దగ్గర పట్టు విరిగిపోయి ఉంటుంది, లేదా నేతలో తప్పు పడి షాపులో మూలన పడి ఉంటుంది. అందులో బాగున్న జానెడు గుడ్డ వెతుక్కోవడమే నా పరిశోధన.

1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది కాబట్టి ఈ తేదీని చేనేతకి ఇచ్చారు. 2015 నుంచి జరుపుకుంటున్నాం. విదేశీ గుడ్డ వద్దన్న రోజు ఇది. నేను మాత్రం ఒక విదేశీ గుడ్డ సంచి పట్టుకొచ్చాను. తిట్టకండి, కారణం ఉంది.

ఇదిగో. లండన్లో ఉంటున్న మా మేనకోడలు పోయిన సంక్రాంతికి తెచ్చింది. "అత్తా, నువ్వు కుట్టే సంచులే, చూడు" అంది. ముదురు నీలం మీద తీగలు, ఆకులు, పువ్వులు. వాటి మధ్య ఎదురెదురుగా పిట్టలు. కిందనున్న పిట్ట ముక్కున ఎర్రటి పండు. కుట్టు శుభ్రంగా ఉంది. జిప్పు రెండు కొసల్లోనూ చిన్న గుడ్డ ముక్క వేసి మూశారు, అక్కడ పీచు రాకుండా. ఆ పని నేను పదేళ్లకి గానీ నేర్చుకోలేదు. లోపల తెల్ల లైనింగ్. అది తప్పు, తర్వాత చెబుతాను.

వీటన్నిటికంటే నాకు నచ్చింది అందులో పెట్టిన చీటీ. బొటనవేలంత కాగితం. డిజైను పేరు స్ట్రాబెరీ థీఫ్, గీసినాయన విలియం మోరిస్, సంవత్సరం 1883. ఆయన పల్లెటూరి ఇంటి తోటలో పళ్లు పండితే పిట్టలు వల కిందనుంచి దూరి ఎత్తుకుపోయేవట, ఆ దొంగల్నే గుడ్డ మీదకి ఎక్కించాడట. నాలుగు లైన్లు. అంతే. ఆ నాలుగు లైన్లు చదివాక సంచి నాకు వేరేగా కనబడింది. పిట్టల్ని తిట్టుకుంటూ, వాటిని చూసి నవ్వుకుంటూ ఉండే ఒక తోటమనిషి కళ్ల ముందుకొచ్చాడు.

అదే రోజు మన బజార్లో ఒక షాపుకి వెళ్లాను. మన పట్టు అంచు ముక్కలతో కుట్టిన సంచులు వేలాడుతున్నాయి. ఏ అంచు ఇది అని అడిగాను. "ఎథ్నిక్ పౌచ్ మేడమ్" అన్నాడు కుర్రాడు. వాడి తప్పేముంది, సంచి మీద అదే రాసి ఉంది. 2012లో బరంపురం పట్టు ఫోడా కుంభ చీరకీ, అంటే గుడి గోపురాల అంచు చీరకీ, జోడుకీ, అంటే మగవాళ్ల పంచె కండువాలకీ, జీఐ ఇచ్చారు, భౌగోళిక గుర్తింపు. ఆ పేరు ఈ ప్రాంతం సొత్తు, ఇంకొకళ్లు వాడుకోకూడదు అని చట్టం చెప్పింది. ఇంకొకళ్ల సంగతి అలా ఉంచండి, బరంపురం నడిబజార్లో మనమే వాడుకోవడం లేదు.

సంచి ఇంటికి తెచ్చాక మా అమ్మ చేతిలో పెట్టాను. అమ్మకి ఎనభై దాటాయి. ఆవిడకి ఏ గుడ్డ ఇచ్చినా ముందు తిరగేస్తుంది. జిప్పు తీసి, లైనింగ్ పక్కకి లాగి, వెనక వైపు చూసింది. "దీనికి వెనకేటీ లేదేటే?" అంది. ప్రింటు కదా, వెనక వైపు వెలిసిపోయినట్టు ఉంటుంది. "ఒక పక్క బతుకే" అని పక్కన పెట్టేసింది. (నవ్వులు)

అమ్మ మాటకి అడ్డు చెప్పకూడదు గానీ, ఈ ప్రింటు అసలు పుట్టుకలో చాలా కష్టం ఉంది. ఇప్పుడు మనకి దొరికేది మిషన్ ప్రింటు. మోరిస్ 1896లో పోయాడు, ఆయన గీతల మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు, అందుకే సంచుల మీద, కప్పుల మీద, గొడుగుల మీద ఆ పిట్టలే. మొదట చేసినప్పుడు మాత్రం గుడ్డ మొత్తం నీలిమందులో ముంచి ముదురు నీలం చేసేవారు. తర్వాత బొమ్మ రావాల్సినచోట చెక్క అచ్చులతో నీలాన్ని తీసేసే మందు అద్దేవారు. నీలం పోయి తెలుపో లేత నీలమో బయటపడ్డాక ఎరుపు అద్దకం, పసుపు అద్దకం. ఒక్కో గుడ్డకి రోజులు పట్టేది. ఆయన అమ్మిన నూలు గుడ్డల్లో బాగా ఖరీదైనవాటిలో అదొకటి. మన కలంకారీవాళ్లు చేసేదానికి ఇది తిరగేసిన పద్ధతి అనుకోండి. మనవాళ్లు నీలం అంటకూడని చోట మైనం పూసి అప్పుడు ముంచుతారు. ఆయన అంతా ముంచేసి, అక్కర్లేని చోట పీకేశాడు.

ఆ చీటీలో రాయనిది ఒకటుంది. 1883లో ఇంగ్లండ్‌లో నీలిమందు ఎక్కడిది? ఎక్కువగా మన బెంగాలు, బీహారు పొలాలది. జర్మనీవాళ్లు ఫ్యాక్టరీలో నీలం తయారుచేసి అమ్మడం 1897లో గానీ మొదలవలేదు. ఆ నీలం వెనక మన రైతుల ఏడుపు ఎంత ఉందో ఇక్కడ పెద్దలకి తెలుసు, నేను చెప్పక్కర్లేదు. మోరిస్‌కి అద్దకం పని చూపించినవాడు థామస్ వార్డిల్ అని లీక్ అనే ఊళ్లో రంగుల ఫ్యాక్టరీ ఆయన. ఆయనకి పిచ్చి ఏమిటో తెలుసా? మన తసర పట్టు. అడవిలో మద్ది చెట్ల మీద పెరిగే తసర దారానికి రంగు పట్టేది కాదు, ఆయన ఏళ్ల తరబడి కూర్చుని పట్టించాడు. 1878లో పారిస్ ఎగ్జిబిషన్‌లో పెట్టాడు. మన గోపాల్‌పూర్ తసరకి కూడా జీఐ వచ్చింది కదా. ఆ గోపాల్‌పూర్ మన బీచ్ కాదు, జాజ్‌పూర్ జిల్లాలోది. ఇది చెప్పకపోతే బయటికెళ్లాక నన్ను అడుగుతారు.

ఇంకా వెనక్కి వెళ్తే, ఇంగ్లీషువాళ్లకి పువ్వుల గుడ్డ పిచ్చి పట్టించిందే మన కోరమాండల్ తీరం. మచిలీపట్నం నుంచి ఓడల్లో వెళ్లిన అద్దకం గుడ్డలు. ఉతికినా రంగు పోని గుడ్డ వాళ్లు అప్పటిదాకా చూడలేదు. అక్కడి నేతగాళ్లు గోల పెడితే ఫ్రాన్సు 1686లో ఆ గుడ్డని నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1700లో దిగుమతి ఆపి, 1721లో ఏకంగా కట్టుకోకూడదంది. 1774లో వదిలారు. ఆ మధ్యలో వాళ్లు ఊరుకోలేదు, ప్రింటు చేయడం నేర్చుకున్నారు. మన మామిడి పిందె చూడండి. కశ్మీరు శాలువా మీదనుంచి స్కాట్లండ్‌లో పేస్లీ అనే నేత ఊరు చేరింది, అక్కడ మగ్గాల మీద దాన్ని అచ్చంగా దింపారు, చివరికి పిందెకి ఆ ఊరి పేరే ఖాయమైంది. ఇప్పుడు మన పిల్లలు కూడా పేస్లీ ప్రింట్ అనే అంటారు. పేరు ఎవడు పెడితే వస్తువు వాడిది.

సరే, ఇక మన వీధికి వద్దాం.

నాది నేతగాళ్ల ఇల్లు. మా ముత్తాతల కాలంలో దక్షిణం నుంచి వచ్చామని ఇంట్లో చెప్పుకుంటారు. మా తాత పుట్టినప్పుడు ఇది మద్రాసు ప్రెసిడెన్సీ, ఆయనకి పెళ్లయ్యేసరికి ఒడిశా, 1936 ఏప్రిల్ 1 నుంచి. ఆయన కూర్చున్న గుంట మగ్గం మాత్రం అదే గది, అదే గుంట. ఠాకురాణీ యాత్ర వచ్చిందంటే ఇంటిల్లిపాదీ పనులు మానేసేవాళ్లం. అమ్మవారు పుట్టింటికి వస్తున్నది నేతగాళ్ల పెద్ద దేశిబెహరా వీధికి కదా, ఇక మగ్గం ఎవరు ఎక్కుతారు.

మా ఇంట్లో కుంభం అంచు ఎలా నేసేవారో చెబుతాను. గుడి గోపురాల్లా కోసుగా, అంచులోంచి చీర ఒంటిలోకి పొడుచుకుపోయే వరస ఉంటుందే, అది. గద్వాల వైపు కోటకొమ్మ అంటారు. దానికి మూడు నాడెలు, అడ్డదారాన్ని, అంటే పేకని, అటూ ఇటూ మోసేవి. ఈ అంచుకొకటి, ఒంటికొకటి, అవతలి అంచుకొకటి. ఎరుపు పేక అంచులోంచి వస్తుంది, పసుపు పేక ఒంటిలోంచి వస్తుంది. రెండూ కలిసేచోట ఒకదాన్నొకటి లంకె వేసుకుని ఎవరి దారిన వాళ్లు వెనక్కి తిరిగిపోతాయి. ఆ లంకె పడే చోటుని వరస వరసకీ కాస్త లోపలికి జరుపుకుంటూ పోతే గోపురానికి ఒక వాలు వస్తుంది. కొస చేరాక మళ్లీ వెనక్కి జరుపుకుంటూ వస్తే రెండో వాలు. దగ్గరనుంచి చూస్తే గీత నున్నగా ఉండదు, సన్నటి మెట్లు కనబడతాయి. అవతలి నాడె అందుకోవడానికి మగ్గం పక్కన ఒక పిల్ల కూర్చోవాలి. ఆ పిల్లని నేనే. బడికి వెళ్లేముందు రెండు గంటలు. లంకె తప్పితే నాన్న ఏమీ అనేవారు కాదు, నాడె ఆపేసి నా వైపు చూసేవారు. ఆ చూపు కంటే దెబ్బ నయం.

ఇలా నేసిన గుడికి వెనక వైపు కూడా గుడే ఉంటుంది. అమ్మ వెతికింది దాన్నే.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. పని మొదలుపెట్టిన రెండో ఏడు. ఒక పెళ్లివారు రిటర్న్ గిఫ్టులకి అరవై సంచులు అడిగారు. వాళ్ల ఇంట్లో పాత పట్టు చీరలు వాళ్లే ఇచ్చారు, అంచులు కలిపి కుట్టమని. నేను సంబరంగా కోశాను. పది అంగుళాల వెడల్పు, పద్నాలుగు అంగుళాల పొడవు ఒకే ముక్క, మధ్యకి మడిచి, పైన జిప్పు, రెండు పక్కలా కుట్టు. అడుగున కుట్టు ఉండదు కాబట్టి పని తొందరగా అయిపోతుంది. మూడు రాత్రుల్లో అరవై అయ్యాయి. మంచం మీద వరసగా పేర్చి అమ్మని పిలిచాను.

అమ్మ ఒకటి తీసి ముందు వైపు చూసింది, బాగుంది అంది. తిప్పింది. "ఏటే గుంటా, గుడిని తలకిందులు చేసీసేవు?"

ఎవరైనా కాగితం మడిచి చూసుకోండి. ఒకే ముక్కని అడుగున మడిస్తే ముందు వైపు బొమ్మ నిలబడుతుంది, వెనక వైపు బొమ్మ శీర్షాసనం వేస్తుంది. గళ్లకీ చుక్కలకీ ఫర్వాలేదు, వాటికి తలా కాళ్లూ లేవు. గుడికి ఉంది. ఏనుగుకి ఉంది. లండన్ పిట్టలకీ ఉంది, అందుకే చూడండి, ఈ సంచికి అడుగున కుట్టుంది. రెండు ముక్కలు విడిగా కోసి కలిపారు. వెనక పిట్టలు కూడా నిలబడే ఉన్నాయి.

పెళ్లివారికి ఇవ్వకుండా ఉంటే సరిపోయేది. టైం లేదు, ఎవరు చూస్తారులే అని ఇచ్చేశాను. పెళ్లికొడుకు నాయనమ్మ చూసింది. శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే గోపురం కిందికి తిప్పిన సంచి పంచుతారా అని గొడవ. అరవైకి అరవై విప్పి, అడుగున కోసి, వెనక ముక్క తిప్పి మళ్లీ కుట్టాను. పట్టు ఒకసారి కుట్టి విప్పితే సూది బెజ్జాలు కనబడతాయి, వాటిని దాచడానికి పైపింగ్. ఆ ఆర్డరులో నాకు మిగిలింది పైపింగ్ కుట్టడం బాగా వచ్చేయడమే.

అప్పటినుంచి గుడ్డ ముందు పెట్టుకోగానే సుద్ద తీయను. ఇది ఎక్కడిది, దీనికి తల ఎటు, చీరలో ఎక్కడుండేది అని చూస్తాను. కుంభం చీర కింది అంచులో పైకి చూస్తూ ఉంటుంది. అంటే సంచిలో కూడా అడుగునుంచి జిప్పు వైపు లేవాలి. అడుగు మూలలు మడిచి సంచికి పెట్టెలా ఒళ్లు తెప్పిస్తాం కదా, అక్కడ అంగుళంన్నర గుడ్డ లోపలికి పోతుంది. అది ముందే లెక్క వేసుకోకపోతే గుడి పునాది కుట్టులోకి వెళ్లిపోయి, గోపురం గాల్లో వేలాడుతుంది. లంకె మీద కత్తెర పెడితే ఆ మెట్ల దగ్గర పేక జారిపోతుంది కాబట్టి, గీత పక్కన ఒక మిషన్ కుట్టు వేసుకుని అప్పుడు కోయాలి. జరీ ఉంటే 14 నంబరు సూది తీసి 11 పెట్టాలి. ఇవన్నీ ఇప్పుడు మా దగ్గర కుట్టే పిల్లలకి నోటికొచ్చు.

బొంకాయి సంగతి వేరు. మన గంజాం జిల్లా ఊరే, చికిటి వైపు. ఆ పేరు ఇప్పుడు దేశమంతా తెలుసు గానీ, మగ్గాలు ఎక్కువగా సోన్‌పూర్‌లో ఉన్నాయి. ఇక్కడ ఆ నేత దాదాపు ఆరిపోతే అక్కడివాళ్లు అందుకుని పట్టు మీదకి తెచ్చి బతికించారు. ఇలా అంటే మనవాళ్లకి కోపం వస్తుంది. రానివ్వండి, మన పెరట్లో ఎండిపోతున్న మొక్కని పక్కింటివాళ్లు తీసుకెళ్లి నీళ్లు పోశారు. బొంకాయి కొంగులో చేపలు, తాబేళ్లు, రుద్రాక్షలు, కాకరకాయ కూడా ఉంటుంది. కాకరకాయ! చేదు కూరని పెళ్లి చీర మీద పెట్టుకున్న జాతి మనదే అనుకుంటాను. అది ఎక్కువ పేక పని. అసలు పేక కాకుండా బొమ్మకి వేరే దారం కలిపి నేస్తారు. వెనక వైపు ఆ దారాలు తేలి ఉంటాయి. మేకప్ సంచిలో దువ్వెన పళ్లకి అవి తగులుకుని లాగేస్తాయి. అందుకే బొంకాయికి లైనింగ్ అంటించి కుట్టాలి, వదులుగా వేయకూడదు.

లైనింగ్ అన్నాను కాబట్టి తెల్ల లైనింగ్ గురించి. కాటుక, సిందూరం, లిప్‌స్టిక్, నూనె కారే చిన్న సీసా, ఇవన్నీ తిరిగే ఇల్లు ఇది. దాంట్లో తెల్ల గుడ్డ వేయడం వంటింటికి తెల్ల సున్నం వేయడం లాంటిది. మా అమ్మమ్మ రొండిన దోపుకునే వక్కాకు సంచికి లోపల ముదురు ఎరుపు పాత చీర గుడ్డ ఉండేది. సున్నం, కాచు, కిళ్లీ మరక ఏదీ కనబడేది కాదు. మూతికి తాడు. లాగితే మూసుకునేది. ఆ రోజుల్లో సింగారానికి సంచి ఎక్కడిది, కుంకుమ భరిణె, కాటుక కాయ, అంతే. సంచి వక్కాకుదే. ఆవిడ పోయాక ఆ సంచి విప్పి చూసి మొదటి పేపరు కటింగ్ గీసుకున్నాను.

తెల్ల లైనింగ్ వల్లే నేను ఇంకోసారి దెబ్బ తిన్నాను. కాకపోతే ఆ దెబ్బలో మోసం బయటపడింది. కోట్‌పాడ్ గుడ్డ అని ఒక వ్యాపారి తెచ్చి ఇచ్చాడు. పేరు వద్దులెండి. ముదురు ఎరుపు, గోధుమ రంగు, మధ్యలో పీత బొమ్మలు. ధర చాలా తక్కువ చెప్పాడు, అప్పుడే అనుమానం రావాలి నాకు. బయటూరి షాపు ఒకదానికి నలభై సంచులు కుట్టి పంపాను. నెల తిరక్కుండా ఫోటోలు వచ్చాయి. ఎవరి సంచిలోనో ఫేస్‌వాష్ కారింది. తెల్ల లైనింగ్ అంతా గులాబీ రంగు. ఎర్ర మరకలో పీత ఈదుతున్నట్టుంది. డబ్బు వెనక్కి ఇచ్చాను.

ఆ కోపంతోనే కోట్‌పాడ్ వెళ్లాను. కొరాపుట్ జిల్లా, జయపురం దాటి జగదల్‌పూర్ వెళ్లే దారిలో ఉంటుంది. అక్కడ నేసేది మిర్గాన్‌లు. ఒడిశా మొత్తంలో మొదటి జీఐ వాళ్లదే, 2005లో. ఆ ఊరి గోవర్ధన్ పనికా గారికి 2018లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ రంగు బజార్లో కొన్న పొడి కాదు. ఆల్ చెట్టు వేరు బెరడు ఎండబెట్టి, దంచి, అందులో ఉడికిస్తారు. అంతకుముందు నూలుకి ఆముదం పట్టించి, పేడ నీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ ఉతికి, వారాల తరబడి దాని వెనక పడితే గానీ దారం రంగు తాగదు. ముదురు రంగు కావాలంటే అన్నభేది కలుపుతారు. వచ్చేది ఇటుక ఎరుపు నుంచి కాఫీ గింజ రంగు దాకా. మిగిలింది నూలు సహజ రంగు. అంతే, మూడో మాట లేదు. కొత్త గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం వాసన వస్తుంది. నాకు అమ్మిన గుడ్డకి కిరసనాయిల్ వాసన వచ్చింది, నేను ముక్కు పెట్టి చూడలేదు.

ఒక చిట్కా. తెల్ల రుమాలు తడిపి గుడ్డ మూల మీద ఇరవై సార్లు గట్టిగా రుద్దండి. రుమాలు ఎర్రబడితే ఆ గుడ్డ సంచికి పనికిరాదు, ఎవరు ఏ పేరు చెప్పినా సరే.

కోట్‌పాడ్‌లో పీత, చేప, శంఖం, విల్లు, గొడ్డలి, ఇవన్నీ విడివిడిగా, చుట్టూ బోలెడు ఖాళీ వదిలి నేస్తారు. నేను ఒక్కో సంచికి ఒక్క పీతే పెడతాను, సరిగ్గా నడిమధ్య. పక్క కుట్టులోకి కాళ్లు పోతే అది పీతలా ఉండదు, నల్లిలా ఉంటుంది. గుడ్డ చాలా వృథా అవుతుంది. మిగిలిన ముక్కలతో జిప్పు చెవులు, తాళం గుత్తులు.

రాయగడ నుంచి ఒకావిడ డోంగ్రియా కోందుల శాలువా పంపింది, కపడగండ అంటారు, సంచులు చేసి పెట్టమని. నియమగిరి కొండల ఆడపిల్లలు ముతక తెల్ల గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కొండల్లాంటి కోణాలు కుడతారు. 2024 జనవరిలో దానికీ జీఐ ఇచ్చారు. అన్నకో, మనసిచ్చిన కుర్రాడికో కుట్టి ఇచ్చేది అది. నేను కోయనన్నాను. బతిమాలింది. ఉతికి, ఇస్త్రీ చేసి, వెనక్కి పంపించేశాను. ఏ గుడ్డైనా కోయగలను అనుకునే దర్జీ మంచి దర్జీ కాదని నా ఉద్దేశం. మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

(సభలోంచి ఒకరు: ప్రింటు సంచి నూటయాభైకి వస్తోంది కదమ్మా, మీది ఆరువందలు. ఎవరు కొంటారు?)

మంచి ప్రశ్న బాబూ. కొనేవాళ్లు తక్కువే. ప్రింటు సంచి తప్పని నేను అనను, మా కోడలు దగ్గర నాలుగున్నాయి. నా గొడవ ఒక్క రకం ప్రింటుతోనే. చిటికి నేతలా కనబడే ప్రింటు. పోచంపల్లివాళ్లు చిటికి అంటారు, ఇక్కడ సంబల్‌పురివాళ్లు బాంధ అంటారు. దారాన్నే ముడులు కట్టి రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి గుడ్డకి రెండు వైపులా ఒకే బొమ్మ, ఒకే ముదురు. గీతల కొసలు ఈకల్లా కాస్త చెదిరి ఉంటాయి, దారాలు ఎంత సర్దినా వెంట్రుకవాసి జరుగుతాయి. ప్రింటువాళ్లు ఏం చేస్తారంటే ఆ చెదిరిన కొసల్ని కూడా గీసి అచ్చేస్తారు! చేతి పనిలో దొర్లిన వణుకుని కంప్యూటర్లో దిద్ది అమ్మడం. తిరగేస్తే వెనక తెల్లగా తేలిపోతుంది. ప్రింటుని ప్రింటని చెప్పి అమ్మితే నాకే తగాదా లేదు. లండన్ చీటీ అలానే చెప్పింది కదా, ఇది ప్రింటు, ఫలానావాడు గీశాడు అని. ఆరువందలు అన్నారు, అందులో గుడ్డకి పోయేది సగం. పాత చీర ముక్క కాబట్టి అంతకి వస్తోంది. కొత్త పట్టు కోసి కుడితే నేనే కొనుక్కోలేను. పదివేల చీర కొనలేని పిల్ల ఆరువందలకి ఆ నేత చేత్తో పట్టుకుంటుంది, రోజూ జిప్పు తీసినప్పుడల్లా ముట్టుకుంటుంది. అది నాకు చాలు.

లండన్ చీటీ చూశాక నేనూ చీటీ మొదలుపెట్టాను. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా. రాయడానికి కూర్చుంటే మాటలు రాలేదు. ఎక్స్‌ట్రా వెఫ్ట్, ఇంటర్‌లాక్ అని బుర్రలో వస్తోంది గానీ, నాన్న అన్న మాట ఏమిటి? అమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ అడిగాను. పడుగు, పేక, నాడె, కండె, లంకె. మన పక్కనే పర్లాకిమిడిలో కూర్చుని గిడుగువారు సవర మాటలు ఒక్కొక్కటిగా ఏరి నిఘంటువు కట్టారు. సొంత ఇంట్లో అయిదు మాటలు ఏరడానికి నాకు నెల పట్టింది. చివరికి రాసింది ఇది, చదువుతాను: "ఫోడా కుంభ అంచు. బరంపురం పట్టు. మూడు నాడెల నేత, పేకలు లంకె వేసిన గుడి. వెనక కూడా చూడండి. గోపురం జిప్పు వైపు ఉండాలి, సంచిని తలకిందులుగా తగిలించకండి." ఆఖరి వాక్యం అమ్మ పెట్టించింది.

టైం అయిపోయిందని మాస్టారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క నిమిషం.

ఇది మా నాన్న నేసిన జోడులో ముక్క, కండువా కొస. ఎలకలు కొట్టగా ఇంతే మిగిలింది. రెండున్నర కుంభాలు. పదకొండేళ్లుగా సంచి కుడదామని తీస్తాను, మళ్లీ మడిచి పెడతాను. రెండు ఉంచుకుందామంటే ఆ సగం పోతుంది. సగంతో సహా కుడితే ఒక పక్క గుడి గోడలోంచి తెగినట్టుంటుంది. ఇదిగో ఈ మూడో వాలు మీద లంకె తప్పింది చూడండి, ఒక మెట్టు పెద్దగా ఉంది. అది నేను నాడె అందుకోవడం ఆలస్యం చేసిన చోటు. ముందు వరస నుంచి చేతులు మార్చుకుంటూ వెనక్కి అందించండి. టీ తాగుతున్నవాళ్లు చేతులు తుడుచుకుని పట్టుకోండి.